పోటు పట్టికలు: సముద్రానికి సరే, గోదారి పాయలకు ఎంతవరకు?

ఫోన్‌లో ‘హై టైడ్ 8.40’ అని చూసుకుని, ఆ నిమిషం దాటగానే గోదారి సముద్రం వైపు మళ్లిపోతుందని లెక్కేసుకుని రేవు దిగేవాళ్లు చాలామందే. మళ్లదు. వేసవిలో ఆ వేళకి నరసాపురం దగ్గర వశిష్ఠా, యానాం దగ్గర గౌతమీ ఇంకా ఎగువకే పారుతూ ఉంటాయి. దాంతో యాప్ తప్పు చెప్పిందని తిట్టుకుంటారు. పట్టిక చెప్పేది సముద్రం ఎత్తు, మనం అడిగేది ఏటి నీటి దిక్కు. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్నకు వాడుకుంటే తప్పు పట్టికది కాదు.

అయినా డెల్టాలో అందరికీ అందుబాటులో ఉన్నవి ఈ పట్టికలే. పంటు (ఏరు దాటించే బల్లకట్టు పడవ) నడిపే సరంగుకి, రొయ్యల చెరువుకు నీరు పెట్టుకునే రైతుకి, పాయకు అడ్డంగా వల కట్టేవాడికి, డ్రెయిన్ షట్టరు చూసుకునే మనిషికి ఇవి ఎంతవరకు పనికొస్తాయో, మిగతాది ఎలా పూడ్చుకోవాలో చూద్దాం. పరిశీలనకు తీసుకున్నవి మూడు: సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పోటు పట్టికల పుస్తకం, ఫోన్‌లో వచ్చే టైడ్ యాప్‌లు, గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండరు. మూడోది చూసి నవ్వుకోకండి, దాని పని దానికుంది.

ముందు నీరు ఎందుకు మళ్లుతుందో తేలితే గానీ ఏ పట్టిక విలువ ఎంతో తేలదు. నీరు పల్లమెరుగు అన్న మాటే ఇక్కడి భౌతికశాస్త్రం. ధవళేశ్వరం బ్యారేజీ దిగువ నుంచి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాకా పాయల వాలు చాలా తక్కువ. వేసవిలో ఉన్న నీరంతా కాలవలకే మళ్లుతుంది గనక గేట్ల కిందికి దిగేది అంతంతమాత్రం. అప్పుడు ఒక్కో పాయ ఒక చివర మూసేసిన పొడవాటి తొట్టి, రెండో చివర సముద్రం. కాకినాడ తీరాన అమావాస్య, పున్నమి ప్రాంతంలో సముద్రం మీటరున్నరకు కాస్త అటూఇటూగా లేచి దిగుతుంది, అష్టమి ప్రాంతంలో అర మీటరే. మొగ దగ్గర మట్టం లేచిందంటే ఎత్తు అటు, పల్లం ఇటు. నీరు పల్లానికే పోతుంది. ఆ కాసేపూ పల్లం రాజమండ్రి వైపు ఉంది, అంతే. చంద్రుడు నీటిని ఏట్లోకి లాక్కొస్తాడన్నది సగం నిజం. చంద్రుడూ సూర్యుడూ కదిపేది మహాసముద్రాన్ని. ఏటిని వెనక్కి తోసేది సముద్రపు మట్టానికీ ఏటి మట్టానికీ మధ్య తేడా.

ఆ తేడా పోయిన క్షణానే ప్రవాహం ఆగిపోదు. రెండు కారణాలున్నాయి. మొదటిది ఊపు: కిలోమీటర్ల పొడవున కదులుతున్న నీరు బ్రేకు వేసినట్టు ఆగదు. రెండోది, మొగ దగ్గర పోటు నిండే సరికి ఎగువన ఇంకా నిండదు. పోటు ఒక పొడవాటి అల, దాని వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 4 మీటర్ల లోతులో గంటకు సుమారు 22 కిలోమీటర్లు, 2 మీటర్ల లోతులో 16. మొగ నుంచి 30 కిలోమీటర్ల ఎగువన, సగటు లోతు 3 మీటర్లుంటే, నిండు పోటు చేరడానికి గంటన్నర. అడుగు ఇసుక రాపిడి దీన్ని ఇంకా లాగుతుంది. పాటు మీద, అంటే మట్టం దిగేటప్పుడు, నీరు పలచబడుతుంది కాబట్టి పాటు అడుగు (మట్టం అన్నిటికన్నా తగ్గే ఘట్టం) ఎగువకు ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే ఎగువకు పోయే కొద్దీ పోటు పొట్టిది, పాటు పొడుగుది అవుతాయి. రెండూ కలిపి సగటున 12 గంటల 25 నిమిషాలు, ఎగువకు పోయినా ఇందులో మార్పు లేదు. కానీ మొగ దగ్గర ఇంచుమించు సగం సగంగా పంచుకునేవి, లోపలికి వచ్చేసరికి పోటుకు 5 గంటలు, పాటుకు 7 గంటలు పైగా అవుతాయి. ‘ఆరు గంటలు పోటు, ఆరు గంటలు పాటు’ అన్న లెక్కతో లోపలి రేవుల్లో బేరాలు కుదుర్చుకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

ఇంకో చిక్కు. నీరంతా ఒకేసారి మళ్లదు. గట్ల వెంబడి, లోతు తక్కువున్న చోట నీటికి ఊపు తక్కువ, అది ముందు మళ్లుతుంది. నడి ఏరు ఆ తర్వాత. ఉప్పు నీరు బరువు గనక అడుగునే లోపలికి దూరుతుంది. పైన మంచి నీరు సముద్రానికి పోతుంటే కింద ఉప్పు నీరు ఎగువకు వస్తుండే సమయం ఉంటుంది, ముఖ్యంగా వరద తీసిన కొత్తలో. రేవు మెట్ల దగ్గర ఆకు ఎటు పోతోందో చూసి ‘మళ్లింది’ అనేవాడి మాట గట్టుకే చెల్లుతుంది. నడిమిలో పంటుకి కాదు, అడుగున వలకి కాదు.

ఇక ఆ మూడు సరుకుల సంగతి.

సర్వే ఆఫ్ ఇండియా పుస్తకంలో ఒక్కో రేవుకు ఏడాది పొడవునా ప్రతి రోజూ పోటు, పాటు వేళలు, ఎత్తులు ఉంటాయి. డెల్టా నుంచి చూసుకోవలసింది కాకినాడ పట్టిక. అంకెలు నమ్మదగ్గవి, కరెంటు, సిగ్నలు అక్కర్లేదు. ఎత్తులు మీటర్లలో, బాగా తగ్గిన పాటు మట్టం దగ్గర పెట్టుకున్న సున్నా నుంచి కొలిచినవి. ఇక్కడ పొరపడేవాళ్లు ఎక్కువ. ‘0.3’ అంటే రేవులో 30 సెంటీమీటర్ల నీరుందని కాదు. సున్నా దగ్గర మీ రేవులో ఎంత లోతుందో ఒకసారి కొలుచుకుని, దానికి ఈ 0.3 కలుపుకోవాలి. అక్షరాలు చిన్నవి, చదవడానికి ఓపిక కావాలి, తెలుగులో లేదు. మార్కులు వేస్తే, మొగల దగ్గర 5కి 4, లోపలి పాయల్లో 5కి రెండున్నర.

యాప్‌ల దగ్గరికి వస్తే, మంచివి పుస్తకంతో పది పదిహేను నిమిషాల తేడాలో కలుస్తాయి. అంతకన్నా ఎక్కువ తేడా వస్తే యాప్‌నే అనుమానించండి. చిరాకు పెట్టే సంగతి ఇంకొకటుంది. కొన్ని యాప్‌లలో యానాం అనో, నరసాపురం అనో, అంతర్వేది అనో టైపు చేస్తే ఆ పేరుతోనే ఒక గ్రాఫు గీసి చూపిస్తాయి. చాలాసార్లు అది ఆ ఊరి కొలత కాదు. దగ్గర్లోని సముద్రపు లెక్కకు ఊరి పేరు తగిలించడమే. మొగలో ఇసుక మేట ఎంత మూసిందో, పాయ ఎంత వంకర తిరిగిందో దానికి తెలియదు. కోరంగి మడ అడవుల్లోని సన్న కాలవలకు ఇచ్చే గ్రాఫునైతే మరీ నమ్మొద్దు. అలాంటి కాలవల్లోకి నీరు ఎక్కేటప్పుడు మడ మధ్య నుంచి దూరి ఎక్కుతుంది, దిగేటప్పుడు వేర్ల మధ్య ఇరుక్కుని ఆలస్యంగా దిగుతుంది. బోటు షికారుకి వెళ్లేవాళ్లు పాటు అడుగుకి గంట ముందే బయటికొచ్చేలా చూసుకోవాలి, లేకపోతే బురదలో కూర్చోవడమే.

యాప్‌ను పరీక్షించే సులువైన దారి ఒకటుంది. కాకినాడ తీరాన అమావాస్య, పున్నమి రోజుల్లో నిండు పోటు పొద్దున, రాత్రి సుమారు 8–9 గంటల ప్రాంతంలో వస్తుంది. ఆ రోజున యాప్ 3 గంటల ప్రాంతం చూపిస్తే అది గ్రీన్‌విచ్ టైములో ఉందన్నమాట, సెట్టింగులో ఐదున్నర గంటలు కలిపించాలి. ఎత్తుల ముందు మైనస్ గుర్తులు కనిపిస్తే సున్నాను సగటు సముద్ర మట్టం దగ్గర పెట్టుకుంది. పుస్తకం అంకెలతో వాటిని పోల్చకూడదు. గ్రాఫు మీద పైకి చూపే బాణం గుర్తు మట్టం ఎక్కుతోందని చెబుతుంది, నీరు ఎగువకు పారుతోందని కాదు. ఆ బాణాన్ని దిక్కుగా చదవడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. మొగల దగ్గర 5కి మూడున్నర, లోపల 5కి 2. గాలి, అలల హెచ్చరికలకు మాత్రం హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) ఇచ్చే సమాచారం వేరుగా చూసుకోవాలి. పోటు యాప్ ఆ పని చెయ్యదు.

క్యాలెండరు వంతు. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు, పోటూ అంతే ఆలస్యమవుతుంది. తిథికి 48 నిమిషాలని పట్టుకుంటే సరిపోతుంది. అమావాస్య నాడు ఎనిమిదిన్నరకు నిండిన పోటు, చవితికి పదకొండున్నర దాటి, అష్టమికి మూడు గంటల ప్రాంతంలో నిండాలి. నోటి లెక్కతో ఇంత తేలడం చిన్న విషయం కాదు. తప్పు ఎక్కడొస్తుందంటే, సూర్యుడి పోటు కూడా తన వంతు లాగుతుంది. అందువల్ల అమావాస్య, పున్నమి తర్వాత అష్టమి దాకా పోటు ఈ లెక్కకన్నా ముందే వస్తుంది, అష్టమి దాటి మళ్లీ అమావాస్య, పున్నమి వైపు పోయేటప్పుడు వెనకబడుతుంది. తేడా ఒక్కోసారి గంట దాకా పోతుంది. ఇంకొకటి, అన్నిటికన్నా పెద్ద పోటు అమావాస్య నాడే కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత, పాడ్యమి, విదియల్లో వస్తుంది. ఖర్చు లేదు, ఛార్జింగు అక్కర్లేదు. 5కి 3 ఇవ్వొచ్చు, పక్కన పుస్తకం లేనప్పుడు.

మూడింటిలో ఏది వాడినా మీ రేవుకు సవరణ మీరే కట్టుకోవాలి. ఇందుకు కావలసింది ఒక వెదురు గెడ, రంగు, గడియారం, రెండు కొబ్బరి బొండాలు, ఆరు రోజుల ఓపిక. గెడకు 10 సెంటీమీటర్లకొక గీత పెట్టి, పాటు మీద కూడా నీళ్లలోనే ఉండే చోట పాతండి. బురద తేలే చోట పాతితే పాటు అడుగు వేళ ఎప్పటికీ తెలియదు. బొండం నీళ్లలో చాలావరకు మునిగి తేలుతుంది గనక గాలికి కొట్టుకుపోదు. ఖాళీ ప్లాస్టిక్ సీసా వేస్తే అది చూపేది గాలి దిక్కు. సీసాయే వాడాలంటే మూడొంతులు నీళ్లు నింపండి. బొండాన్ని పడవలోంచి నడి ఏట్లో వదలాలి. పంటు జెట్టీ వెనకా, గట్టు మూలలోనూ నీరు సుడి తిరిగి వెనక్కి పారుతుంది, అక్కడ వదిలిన బొండం పాటు మీద కూడా ఎగువకే పోతుంది. అడుగు నీటి సంగతి కావాలంటే ఒక గోనె సంచిలో ఇటుక పెట్టి, రెండు మీటర్ల తాడుతో రెండో బొండానికి వేలాడదీయండి. అది కింది నీటితో నడుస్తుంది.

పట్టిక చెప్పిన పోటు వేళకు అరగంట ముందు మొదలుపెట్టి, పది నిమిషాలకొకసారి గెడ గీత, బొండం కదలిక రాసుకోండి. రాయవలసిన వేళలు మూడు: గెడ మీద నీరు అన్నిటికన్నా పైన ఉన్న వేళ, బొండం నిలబడిపోయిన వేళ, దిగువకు కదిలిన వేళ. పాటుకూ ఇదే మాదిరి. అమావాస్య లేదా పున్నమి ప్రాంతంలో మూడు రోజులు, అష్టమి ప్రాంతంలో మూడు రోజులు చెయ్యాలి, ఎందుకంటే రెండు సవరణలూ ఒకటి కావు. ఉదాహరణకు పట్టిక 8.40 అంటే, గెడ మీద 9.45కు నిండి, బొండం 10.25కు నిలబడిందనుకోండి. మట్టానికి సవరణ గంటా ఐదు నిమిషాలు, మలుపుకు గంటా 45 నిమిషాలు. ఈ రెండు అంకెలే మీ రేవు పట్టిక. యాప్ కట్టినవాడి దగ్గర ఇవి దొరకవు.

గెడ గీతలు చూస్తుంటే ఇంకో ఉపయోగం కనిపిస్తుంది. నీరు ఒకే వేగంతో ఎక్కదు. మొగకు దగ్గర రేవుల్లో మొత్తం ఎక్కుడును 12 భాగాలు చేస్తే మొదటి గంట 1, తర్వాత 2, 3, 3, 2, చివరి గంట 1. ఎక్కుడు 120 సెంటీమీటర్లయితే నడిమి రెండు గంటల్లోనే 60 సెంటీమీటర్లు. ఇసుక మేట మీంచి పంటు దాటాలంటే పాటు అడుగు నుంచి రెండు గంటలు ఆగితే 30 సెంటీమీటర్లు వచ్చాయి, మూడు గంటలు ఆగితే 60. సఖినేటిపల్లి–నరసాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం లాంటి చోట్ల పంటు ఎక్కేవాళ్లకు ఈ తేడా టిక్కెట్టు క్యూలో తెలియదు, మేట మీద ఆగినప్పుడు తెలుస్తుంది. దిక్కు సంగతీ చూడండి. 800 మీటర్ల వెడల్పు ఏటిని సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో దాటే పంటుని, సెకనుకు మీటరు వేగంతో పారే నీరు 320 మీటర్లు పక్కకు లాగేస్తుంది. పాటు మీద రేవుకు ఎగువ వైపు గురిపెట్టిన సరంగు, పోటు మీద అదే గురి పెడితే రేవు దాటిపోయి ఎగువన తేలతాడు.

చెరువుకు నీరు పెట్టేవాళ్లకు మట్టం కన్నా మలుపే ముఖ్యం. పోటు మొదట్లో లోపలికి వచ్చేది సముద్రపు నీరు కాదు. ఇందాకటి పాటు మీద బయటికి పోయిన నీరే తిరిగొస్తుంది, అందులో పై చెరువుల వాళ్లు వదిలిన మురుగు కూడా ఉంటుంది. కాబట్టి ఉప్పు, శుభ్రం రెండూ కావాలంటే పోటు పారకంలో చివరి మూడో వంతు దాకా ఆగి, నీరు నిలబడే దాకా తోడుకోవాలి. ఉప్పు శాతం పతాక స్థాయికి చేరేది మట్టం నిండినప్పుడు కాదు, నీరు నిలబడినప్పుడు. మట్టం ఎక్కువగా ఉండటం వల్ల మోటారుకు ఎత్తే శ్రమా తగ్గుతుంది. ఫుట్‌వాల్వును (నీరు పీల్చే గొట్టం చివరి కవాటం) అడుగుకు తగిలిస్తే ఉప్పు బాగా వస్తుంది గానీ బురదా వస్తుంది. అడుగుకు అర మీటరు పైన కట్టడం మేలు. సాలినిటీ మీటరుతో పైన ఒకటి, కింద ఒకటి చూడకుండా మోటారు వెయ్యకండి. పట్టిక చూసి మోటారు వేసి, చప్పటి నీరు పెట్టుకుని, పట్టికను ఆడిపోసుకునేవాళ్లు ఈ మీటరు కొనరు.

ఈ సవరణలన్నీ వేసవికి చెల్లుతాయి. గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే పుస్తకం మూసెయ్యొచ్చు. కిలోమీటరు వెడల్పు, 4 మీటర్ల లోతు ఉన్న పాయలో పోటు సెకనుకు 75 సెంటీమీటర్ల వేగంతో ఎగువకు పారుతుందనుకుందాం. అది సెకనుకు 3,000 ఘనపు మీటర్లు, అంటే సుమారు లక్ష క్యూసెక్కులు. పైనుంచి ఆ ఒక్క పాయలోకి అంతకు మించి దిగితే నీరు వెనక్కి తిరగడం ఉండదు. పోటు వచ్చినప్పుడు కాస్త నెమ్మదిస్తుంది, మట్టం కాస్త లేస్తుంది, దిక్కు మాత్రం సముద్రం వైపే. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరికే 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. అలాంటి రోజుల్లో ‘పోటు మీద ఎదురెళ్లిపోదాం’ అనుకునే పడవకు పోటు దొరకదు. ఎదురీదేది పులస ఒక్కటే.

వరద లేకపోయినా పెద్ద వానల్లో ఇబ్బంది డ్రెయిన్లది. బయట మట్టం లోపలి కన్నా ఎత్తుగా ఉంటే డ్రెయిన్ ఎగదన్నుతుంది. తమంతట తాము మూసుకునే తలుపుల షట్టర్లున్న చోట నీరు లోపలే నిలుస్తుంది, పాటు దిగాకే బయటికి పోతుంది. ఇక్కడ చాలామంది తిరగేసి ఊహించే విషయం ఒకటుంది. పొలం మునిగి ఉన్నప్పుడు పెద్ద పోటు రోజులకు భయపడతారు గానీ, నీరు బాగా లాగేదీ ఆ రోజుల్లోనే. అప్పుడు పాటు కూడా లోతుగా దిగుతుంది, పట్టికలో 0.1 మీటరు దాకా. అష్టమి ప్రాంతంలో పాటు 0.5 దగ్గరే ఆగిపోతుంది. ఆ 40 సెంటీమీటర్ల తేడాయే పల్లపు చేలకు ప్రాణం. కాబట్టి డ్రెయిన్ వాళ్లు పట్టికలో చూడవలసింది పోటు ఎత్తు కాదు, పాటు అంకె. పాటు మొదలయ్యేలోపు షట్టరు సందులో ఇరుక్కున్న గుర్రపుడెక్క తీసేయాలి. అది అడ్డుపడితే తలుపు పూర్తిగా తెరుచుకోదు, తర్వాత పోటుకు పూర్తిగా మూసుకోదు, ఉప్పు నీరు లోపలికి దూరుతుంది.

అల్పపీడనం పట్టి తూర్పు గాలి గట్టిగా వీస్తే సముద్రం పట్టిక చెప్పినదానికన్నా ఎత్తులో నిలుస్తుంది, పాటు సరిగ్గా దిగదు. ఏ పట్టికలోనూ అది ఉండదు, ఎందుకంటే పట్టిక లెక్కంతా సూర్యచంద్రులదే. ఇక వరదలు తీశాక మొగలో మేటలు మారతాయి. మొగ మూసుకుంటే లోపలి ఎక్కుడు తగ్గి మలుపు ఆలస్యమవుతుంది, తెరుచుకుంటే ముందుకొస్తుంది. అందుకే నిరుటి సవరణ అంకెల పక్కన తేదీ రాసుకోండి. దసరా దాటి ఎర్రనీరు తేరుకున్నాక గెడ కడిగి, గీతలకు మళ్లీ రంగేసి, కొత్తగా కొలవడం మొదలుపెట్టాలి.